పండుగ నీళ్లకు చెరిగిన గీతలు

2009లో నోటి క్యాన్సర్ నా దగ్గర్నుంచి పట్టుకుపోయినవి ఇవి: కింది పళ్లు తొమ్మిది, ఎడమ దవడ ఎముకలో రెండు అంగుళాలు, పద్నాలుగు కిలోల బరువు, ఏడు నెలల పని, పచ్చిమిర్చి కారం. ఇరవై రెండేళ్ల తంబాకు అలవాటు కూడా పోయింది గానీ దాన్ని నష్టం కింద రాయను.

నేను కామారెడ్డి బెల్లం మార్కెట్లో తూకాలు రాసేవాణ్ణి. చదువు ఐదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం కాంటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. అందుకే హైదరాబాదులో వైద్యం జరిగినన్నాళ్లూ ప్రతిదీ కాగితం మీద పెట్టాను: ఏ బస్సు ఎక్కితే వేళకు చీటీ దొరుకుతుంది, ఏ కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడాలి, ఇంకా ఎన్ని రోజులు కరెంటు పెడతారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు అనే అంటారు. నేను బతికి వచ్చాక ఆ కాగితం కోసం జనం నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొందరికి రాసిచ్చాను, కొందరి వెంట వెళ్లాను. 2012 దసరా నాటికి పదకొండు మంది.

పన్నెండో మనిషి ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో ఒక రైతు భార్య, నలభై ఏళ్లుంటాయి. రొమ్ము తీసేశారు, ఇరవై ఐదు రోజులు కరెంటు పెట్టాలన్నారు. హైదరాబాదులోనే ఉండి పదహారు పూర్తి చేసింది. పెద్ద బతుకమ్మకూ ఆ దసరాకూ ఇంటికి పోయి వస్తానంది. ఆ రెండు రోజులూ కరెంటు గదికి ఎలాగూ సెలవే అని లెక్క చూసి నేనే సరేనన్నాను. తిరిగి వెళ్లాల్సిన పొద్దున కామారెడ్డి బస్టాండులో ఎదురుచూశాను. రాలేదు. మూడు రోజులు చూశాను, భర్త ఫోను కలవలేదు. నాలుగో రోజు ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఆమె అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తోంది. నన్ను చూసి తల దించుకుంది. అత్త ముందుకొచ్చింది.

"పండుగ పూట నువ్వులనూనె రాసి, పసుపు పెట్టి, తలకు పోసిన బిడ్డా. ఒంటి మీద ఏందో గీతలుంటే మురికనుకొని గట్టిగ రుద్దిన. నాకేం ఎరుక?"

కరెంటు ఎక్కడ తగలాలో తెలిసేందుకు ఆసుపత్రి వాళ్లు ఛాతీ మీద రంగుతో గీసిన గీతలవి.

"మళ్ల గీసిన గద!" అన్నాడు భర్త. "బిడ్డ స్కెచ్ పెన్నుతోని. సక్కగనే గీసిన."

"పొలం గట్టు అనుకున్నవా?" అని ఆమె కసిరి నా వైపు తిరిగింది. "ఒక్క వేలు జరిగితే గుండెకు తగుల్తదట గదన్నా. డాక్టర్ సాబ్ ఏమంటడో అని పోలే. ఇగ మొదటికెళ్లి పెడ్తరా? అసలు పెట్టనే పెట్టరా?"

తప్పు నాది. నా కాగితంలో గీతల మాటే లేదు. నాకు ముఖానికి తొడుగు పెట్టి దాని మీద గీశారు. ఒంటి మీద గీసేవాళ్లకు నీళ్ల భయం ఉంటుందని నాకు తోచలేదు.

వాకిట్లోకి వచ్చి కరెంటు గదికి ఫోన్ చేశాను. అవతలి మనిషి ముందు నన్ను తిట్టాడు. ఆ తర్వాత రేపే తీసుకురమ్మన్నాడు. గీతలు వాళ్లే మళ్లీ గీస్తారు, అయిన పదహారూ లెక్కలోనే ఉంటాయి. ఆ మాట చెప్పగానే ఆమె చిక్కుళ్ల చాట అత్త ఒళ్లో పెట్టి బట్టలు సర్దుకోవడానికి లేచింది. మిగతా తొమ్మిదీ పూర్తయ్యాయి.

నా కాగితంలో గీతల వరుస చేర్చి ఆమెకు చదివి వినిపించాను.

"నీ కాయితం మగోళ్లకు సరిపోతదన్నా," అని నవ్వింది.

ఎందుకన్నదో మరుసటి ఏడు తెలిసింది. ఎల్లారెడ్డిలో ఒకామె రొమ్ములో గడ్డను ఎనిమిది నెలలుగా దాచుకుంది. నేను గంటసేపు వాకిట్లో కూర్చుని చెప్పాను. తల ఊపింది తప్ప కదలలేదు. నా వెంట పన్నెండో మనిషి కూడా వచ్చింది. ఈమె ఆమెను లోపలికి తీసుకెళ్లి, తలుపు వేసి, రవిక విప్పి తన కుట్లు చూపించింది. పది నిమిషాల్లో ఇద్దరూ బయటికొచ్చారు.

"బస్సు ఎన్ని గంటలకన్నా?" అని ఆ కొత్తామె నన్ను అడిగింది.

ఇప్పుడు ఆడవాళ్లంతా ఈమె దగ్గరికే వెళ్తారు. బస్సు వేళలు చెప్పే పని నాకు మిగిలింది, అదీ హాయిగానే ఉంది.

ఐదేళ్లపాటు ఆర్నెల్లకోసారి ఆమెకు పరీక్షలు చేయాలన్నారు, మొత్తం పది. ఈ 2014 వానాకాలం నాటికి మూడు అయ్యాయి, మూడూ బాగానే వచ్చాయి. ఇంకా ఏడు బాకీ.