సుందర్ ఓడకు పట్టిన తుప్పు

ఫిజీ దీవుల్లోని లౌతోకాలో సగం మంది నవ్వు సుందర్ చేతి పని. పళ్ళ డాక్టరు ముందుగదిలో పీకుతాడు, సుందర్ వెనకగదిలో కడతాడు. ముప్ఫై ఏళ్ళుగా కట్టుడుపళ్ళు చేస్తున్న మనిషి కదా, ఎంత మంచి పనివాడో చెప్పనక్కర్లేదు. కానీ ఆయనకో జబ్బుంది. కొత్తగా మెరిసే వస్తువును చూస్తే ఆయనకు పడదు. అది నిజంలా లేదంటాడు.

సింగటోకా నుంచి క్యాబేజీ తెచ్చి మార్కెట్లో అమ్మే రామ్ ప్రసాద్ ఒకసారి పళ్ళు కట్టించుకున్నాడు. రోజూ సాయంత్రం గిన్నెలకొద్దీ మట్టిరంగు యంగోనా వేరురసం తాగే పెద్దమనిషికి తెల్లని పళ్ళు పెడితే అబద్ధంలా ఉంటుందని, సుందర్ కష్టపడి లేతపసుపు కలిపి, రెండు పళ్ళ సందున సన్నగా మరక కూడా దిద్దాడు. రామ్ ప్రసాద్ అద్దంలో చూసుకుని గొల్లుమన్నాడు. "అరే భాయ్, గందా దాంత్ తో హమార్ లగే పహిలే సే రహా!" మురికిపళ్ళే కావాలంటే నావే ఉంచుకునేవాణ్ణి కదా అని అతని బాధ. డాక్టరు ఆ జత మళ్ళీ చేయించాడు. ఎవరికీ కళ అక్కర్లేదని సుందర్ వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

ఈ కళ ఆయనకు అంటుకున్నది ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన డెబ్భై అక్టోబరులో. అప్పుడాయనకు పంతొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు దొర ఒకాయన సామాన్లు అమ్మేసి దేశం వెళ్ళిపోతుంటే సైకిలు పంపు కొందామని వెళ్ళి, విమానం బొమ్మ ఉన్న అట్టపెట్టె పట్టుకొచ్చాడు. మూత తీస్తే విమానం లేదు. సన్నటి చట్రాలకు అతుక్కుని బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, ఒక జిగురు గొట్టం, మడత పెట్టిన కాగితం. మూడు రోజులు కూర్చుని అతికిస్తే రెక్కలు తలకిందులుగా వచ్చాయి. జెండాలు మారిన ఆ వారంలో ఏది పైనో ఏది కిందో అందరికీ కాస్త తికమకగానే ఉండేది కాబట్టి ఎవరూ నవ్వలేదు. సైకిలు మాత్రం ఆ ఏడాదంతా గాలి లేకుండానే ఉంది.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంటి కప్పు నుంచి నలభై విమానాలు వేలాడాయి. అలమరల్లో రైళ్ళు, లారీలు, ఓడలు నిండాయి. భార్య ఇందిర బడిలో టీచరు. లెక్కలు చెప్పే మనిషి కనుక, ఒక్క మాటతో తేల్చేసింది. ఇవన్నీ ఖిలోనాలు, ఆటబొమ్మలు. అయినా పాపం ప్రతి ఆదివారం దుమ్ము దులపబోయేది. సుందర్ పరుగెత్తుకొచ్చి ఆపేవాడు.

"వద్దు వద్దు! అందులో కొంత దుమ్ము నేనే వేశాను."

"ఏది ఇంటి దుమ్మో, ఏది మీ దుమ్మో నాకెలా తెలుస్తుంది? బోర్డు రాసి పెట్టండి."

రెండువేల మూడులో మద్రాసు నుంచి గిర్మిట్ ఒప్పందం మీద కూలీలు ఫిజీకి వచ్చి నూరేళ్ళవుతుందని, రెండేళ్ళ ముందుగానే ఊళ్ళోని సంఘం వాళ్ళు సమావేశం పెట్టారు. పాటలెవరు పాడాలి, వంటెవరు చేయాలి అని మాట్లాడుకుంటుంటే, ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే సుందర్ లేచి నిలబడ్డాడు. మన ముత్తాతల్ని తెచ్చిన ఓడ నేను చేసిస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సంఘం వాళ్ళు మంచివాళ్ళు. సబ్బుపెట్టె నీళ్ళలో వదిలి ఇదే ఓడ అన్నా చప్పట్లు కొడతారు.

సుందర్‌కు ఆ చప్పట్లు అక్కర్లేదు. ఒక్క మనిషి చూసి "ఇదే" అంటే చాలు. ఆ మనిషి రుక్మిణి, ఇందిరకు మేనత్త. ఎనభై అయిదేళ్ళు, రాకిరాకిలో ఉంటుంది. ఆమె తండ్రి ఆ ఓడల్లోనే ఒక దాంట్లో వచ్చాడు. ఆ తరం నోట ఆ కథ విన్నవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. ఆమె తల ఊపకపోతే తన ఓడ కూడా ఖిలోనాయేనని ఆయనకు లోలోపల భయం.

ఆ ఓడ ఏ దుకాణంలోనూ పెట్టెలో దొరికేది కాదు. ఒక సరుకుల ఓడ పొట్ట తీసుకుని, ఇంకో ఓడ గదులు కోసి దానిమీద పెట్టాడు. పళ్ళు కట్టే తీగతో అంచు కమ్మీలు అల్లాడు. మాత్రల గొట్టం పొగగొట్టమైంది. మూరకు కాస్త ఎక్కువ పొడవు వచ్చింది. సందేహం వచ్చినప్పుడల్లా నోటుపుస్తకం పట్టుకుని రాకిరాకి బస్సెక్కేవాడు.

"అత్తా, పొగగొట్టం ఏ రంగు?"

"నేను అప్పటికి పుట్టలే అల్లుడూ."

"మీ నాన్న ఏమీ చెప్పలేదా?"

"పొగ నలుపు అన్నాడు. రోటీ తింటావా?"

ఎనిమిదిసార్లు వెళ్ళాడు. ఎనిమిదిసార్లూ రోటీ, వంకాయకూర తిన్నాడు. పుస్తకంలో మాత్రం పొగ నలుపు అన్న ముక్క తప్ప ఇంకేమీ చేరలేదు.

చివరి ఆరు నెలలు తుప్పు పెట్టడానికే పట్టాయి. సబేటో చెరకుతోటల ఎర్రమట్టి తెచ్చి పల్చటి గుడ్డలో జల్లించాడు. సుద్దపొడి, దీపం మసి కలిపి, పిల్లిమీసమంత కుంచెతో ఒక్కొక్క కిటికీ కంత కింద ఒక్కొక్క చార దించాడు. ఓడ డెక్కు మీద వందలమంది తిరిగిన మురికి, వాంతుల మరకలు కూడా వేశాడు. వాటిని పట్టి ఉంచే చివరి పూత ఒకటి వెయ్యాలి. వేస్తే మెరుపొస్తుందని వెయ్యలేదు. గాజుపెట్టెలో పెట్టేదాన్ని ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాడు. తెలివైనవాడు తప్పు చేస్తే ఇలాగే పద్ధతిగా చేస్తాడు.

సభకు ముందురోజు రుక్మిణి బస్సు దిగింది. సుందర్ ఓడ మీద గుడ్డ కప్పి, రేపు పొద్దున చూద్దువుగాని అని వరండాలో బల్ల మీద పెట్టాడు. తెల్లవారగానే క్షవరానికి వెళ్ళాడు. వేదిక ఎక్కే రోజు కదా.

తిరిగొచ్చేసరికి వరండాలో ఓడ తళతళలాడుతోంది. ముక్కుకు పసుపు, మూడు కుంకుమబొట్లు. పొగగొట్టంలో ఎర్రమందారం. పక్కన తొట్టిలో నీళ్ళు సబేటో మట్టిరంగులో ఉన్నాయి. రుక్మిణి తన కట్టుడుపళ్ళు తోముకునే మెత్తని బ్రష్షు విదిలిస్తూ నిలబడింది.

ఆమె తప్పేముంది? పూజ రోజు చెరకు కత్తి నుంచి లారీ దాకా కడిగి బొట్టు పెట్టడం ఆ ఇళ్ళలో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు ఓడ ముందు దీపం పెడతారని ఆమెకు తెలుసు.

"శానా గందాగా ఉండె అల్లుడూ. నీకు టైము దొరకలేదు కాబోలని నేనే సాఫ్ చేశా. ఒక్క కమ్మీ ఇరగలే చూడు."

నిజమే, ఒక్క కమ్మీ విరగలేదు. సుందర్ మెట్టుమీద కూలబడ్డాడు. ఇందిర బయటికొచ్చి నవ్వబోయి, భర్త మొహం చూసి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆ మనిషి కళ్ళలో నీళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అది మురికి కాదత్తా," అన్నాడు చివరికి. "నేను పెట్టిన తుప్పు. ఆరు నెలల పని. నిజం ఓడ అలాగే ఉండేది. మురికిగా, కంపుగా."

రుక్మిణి బ్రష్షు కింద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"పుస్తకాల్లో ఉంది."

"పుస్తకం వాడు జహాజ్ ఎక్కినాడా? మా నాన్న ఎక్కినాడు. ఎక్కిన రెండోనాడే పని ఇచ్చారంట. పొద్దున్నే ఇసుక, రాయి ఇస్తారు. మోకాళ్ళ మీద కూర్చుని చెక్క తోమాల, ఈ కొస నుంచి ఆ కొసకి. నెల పైన అదే పని. ఇంటికాడ అమ్మ తలపుకొస్తే ఇంకా గట్టిగా తోమేవాడంట. ఎవడన్నా జహాజ్ గందా అంటే కొట్టడానికి పోయేవాడు. నా చేత్తో కడిగినా అనేవాడు. సచ్చేదాకా ఆ మోకాళ్ళ మీద కాయలు పోలేదు."

సుందర్ తొట్టిలోని ఎర్రనీళ్ళ వైపు చూశాడు. "ఎనిమిదిసార్లు వచ్చాను కదత్తా. ఒక్కసారైనా ఇది చెప్పలేదేం?"

"నువ్వు పొగగొట్టాన్ని అడిగినావు. మా నాన్నని అడిగినావా?"

సుందర్‌కు సిగ్గేసింది. తుప్పు పొడి సీసాలో ఇంకా సగం ఉంది, సభకు గంటన్నర టైముంది. ఆయన సీసా వైపు చూడనైనా లేదు. ఓడను లోపల తన పని బల్ల మీదికి చేర్చి, చిన్న డబ్బా తీశాడు. అందులో ఏదో పెట్టెలో మిగిలిన ప్లాస్టిక్ మనుషులున్నారు, ఒక్కొక్కడు బియ్యపుగింజంత. ఒకణ్ణి పట్టుకారుతో తీసి, కాళ్ళు కోసి, మోకాళ్ళ దగ్గర వంచి అతికించాడు. బూట్లు చెక్కేశాడు. నడుముకు తెల్లరంగు, ఒంటికి గోధుమరంగు వేశాడు. రుక్మిణి కడిగిన డెక్కు మీద, ఓడ ముక్కు దగ్గర, ఆ మనిషిని మోకాళ్ళ మీద నిలబెట్టాడు.

సంఘం అధ్యక్షుడు రెండుసార్లు ఫోను చేశాడు. వస్తున్నారు, బయల్దేరారు అని ఇందిర రెండుసార్లూ అబద్ధమాడింది.

రుక్మిణి భూతద్దం పట్టుకుని వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది.

"మోకాళ్ళ కింద గోనెముక్క వేసుకునేవాడు," అంది. "అది పెట్టు."

సుందర్ పల్చటి గుడ్డ అంచు నుంచి గోరుచివరంత కత్తిరించి, టీలో ముంచి, ఆ మోకాళ్ళ కిందికి జరిపాడు. అది అతుక్కునేదాకా ఇందిర ఓడను కదలకుండా పట్టుకుంది.

రుక్మిణి మళ్ళీ భూతద్దం ఎత్తింది. "ఆఁ," అంది. "ఇప్పుడు మా నాన్నే."

సుందర్ కళ్ళు తుడుచుకుని, జిగురు ఘాటు అన్నాడు. ఇందిర వెళ్ళి కిటికీ తెరిచింది.