సుజాత సీసాలో దోమ

సత్తెనపల్లి శివారు పత్తి యార్డులో దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్నటి వాన. బూట్లకు నల్లరేగడి. వరద సహాయం ముగిసేవరకు మా విడిది అదే. నేను సైన్యంలో హవల్దార్‌ని. దోమల పని నాది. గరిటె, తెల్ల పళ్లెం, భూతద్దం, మందు డబ్బా.

నాలుగో రోజు, పక్కనున్న టైర్ల షెడ్డులో లార్వాలు దొరికాయి. ఓడలో వచ్చిన పాత టైర్లు. లోపల వాన నీళ్లు. డెంగీ దోమవే అనుకున్నాను. ముందు మందు కొట్టడం, తర్వాత చూడడం నా అలవాటు. అన్నీ చచ్చాయి. "డెంగీ దోమ, నాశనం" అని సంతకం పెట్టాను. టైర్లు బయటికి పోవడానికి అనుమతి వచ్చింది.

నాతో తిరిగే ఆరోగ్య కార్యకర్త సుజాత, నేను వద్దంటున్నా, మందు కొట్టకముందే కొన్ని లార్వాలను కాఫీపొడి సీసాలో పోసి, మూతికి చీర గుడ్డ కట్టి ఉంచింది. ఆ తర్వాత మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి ఆ సీసాతో వచ్చింది.

"సార్, ఇది మనూరి దోమ కాదండి. వీపు మీద గీతలు బంగారు రంగులో ఉన్నాయి."

"ఎండకి అలా కనిపిస్తుందమ్మా."

"నీడలోనూ చూశానండి. ఒకసారి అద్దం పెట్టండి, కళ్లేం అరిగిపోవులెండి."

పెట్టాను. మన దోమకు తెల్ల గీతలు. దీనికి బంగారు గీతలు. శిక్షణలో బొమ్మగా చూసిన విదేశీ జాతి. టైరు గోడకు అంటిన గుడ్లు ఎండినా చావవు, నా మందుకూ చావవు. లారీలెక్కితే జిల్లా అంతా చేరతాయి. అప్పటికే టైర్లు ఎక్కిస్తున్నారు. వైర్‌లెస్ అందుకున్నాను.

"గేటు, లారీలు ఆపు."

"డ్రైవర్లు బూతులు తిడుతున్నారు సార్."

"తిట్టనీ. గేటు మూయి."

ఒక్క లారీ కూడా కదల్లేదు. సీసా పంపితే, ప్రయోగశాల సుజాత మాటే ఖాయం చేసింది. టైర్లను టార్పాలిన్ కింద పెట్టి గ్యాసు పట్టించాం. నెల రోజులు మిర్చి రైతుల తొట్లు, ఇళ్ల డ్రమ్ములు, చర్చి వెనక కొబ్బరి చిప్పలు గాలించాం. ఆ దోమ మళ్లీ దొరకలేదు. ఆఖరి పళ్లెం ఖాళీగా తేలిన సాయంత్రం విడిదిలో ఈలలు, చప్పట్లు.

"ఎవరు గుర్తించారు?" అని అడిగారు మా పెద్ద ఆఫీసర్.

"నేనే సార్."

సుజాత నా పక్కనే ఉంది.

ఆ పనికి నాకిచ్చిన ప్రశంసాపత్రం బ్రాడీపేటలో మా ఇంటి గోడ మీద ఉంది. చూసినవాళ్లకు ఇన్నేళ్లూ నా కథే చెప్పాను. గుర్తించింది సుజాత. నేను సాక్ష్యాన్ని చంపబోయినవాణ్ని.

ఆనాడు మా తిరుగు ప్రయాణం ఉదయం ఏడింటికి. ట్రక్కు పక్కన నడుస్తూ సుజాత అడిగింది.

"సార్, ల్యాబు వాళ్లు మా సీసా ఇస్తారాండి?"

తొమ్మిదికి ఇల్లు చేరాను. ఆ సీసా నన్ను వదల్లేదు. ఇప్పటికీ నా కళ్లముందు ఆమె దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకునే ఉంది. చీర గుడ్డ కింద, గాజుకు ఆనుకుని, బంగారు గీతల దోమ ఒక్కటే.