చూరు కింది గుగ్గిలం

మా బాపు అడివిల అందుగు చెట్ల బంక తీసేటోడు. చెట్టు బెరడును గొడ్డలితోని సన్నగ చెక్కి వస్తే, కొన్నాళ్లకు బంక కారి గడ్డకట్టేది. దాన్ని గీకి తెచ్చి, వెదురు బుట్టల పోసి, చూరుకు కట్టేటోడు. నూనె కారిపోయి ఎండినంకనే అది గుగ్గిలం. ఇల్లంత కమ్మటి వాసనే గని, నిప్పుల మీద ఒక్క పలుకు ఏయనియ్యకపోయేటోడు. తలకు పోసుకున్ననాడు పొగ ఎయ్యమని నేను గునిస్తే, "అంగడికి పోయేది గిది. నీ జుట్టుకు ఎండ చాలు పో" అనేటోడు. పిసినారోడని మనసుల తిట్టుకునేదాన్ని.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్నప్పుడు, ఎండకాలంల, బాపుకు జరమొచ్చింది. చెల్పూర్ దవాఖాన దాక కూడ తీస్కపోలే, పొద్దుగాల్నే పానం పోయింది. అన్న మహబూబాబాద్‌ల ఆటో నడుపుతుండె. పక్కింటోళ్ల ఫోన్‌తోని చెప్పినం. ఆనాడు బంద్, అన్న కూడ అందరితోని రైలు పట్టాల మీద కూసున్నడు. "నేను వచ్చేదాక ఎత్తకుండ్రి" అని ఏడిసిండు. ఆటో తీస్కోని ఎల్లిండు గని, గూడూరు దాటినంక రోడ్డుకు అడ్డంగ చెట్లు నరికి పడేసి ఉన్నయట. తెలంగాణ మాకూ కావాలె. అయినా ఆ చెట్లు కొట్టినోళ్లను నోటికొచ్చినట్టు తిట్టిన.

మధ్యాహ్నానికే ఎండకు వాసనొచ్చి బాపు దగ్గర కూసోలేని తీరయింది. అవ్వ చూరుకున్న బుట్ట దింపింది. నిప్పుల కుండల గుప్పెడు గుప్పెడు ఏసుకుంట కూసుంది. "ఇగ ఎత్తుదాం" అని పెద్దమనుషులంటే, "బుట్టల ఉన్నదాక ఆగుండ్రి, ఆయిన తెచ్చిందే గదా" అన్నది.

బుట్ట అడుగు కనపడంగనే అడివికి ఉరికి, చెట్టుకున్న పచ్చి బంక గీకి తెచ్చిన. బంక తీసేటోని బిడ్డనై ఉండి గూడ, పచ్చిది కాలదన్న సోయి లేదు. అది నిప్పుల మీద బుడగలు పొంగి నల్లటి మసి లేపింది. వాసన ఆగలే.

"ఇగ సాలు బిడ్డా" అని అవ్వ నా చెయ్యి పట్టుకుంది. అన్న పట్టవల్సిన అగ్గికుండ మా చిన్నాయిన పట్టిండు.

పొద్దుగూకంగ అన్న వచ్చిండు. ఆటో ఏడ్నో ఇడిసిపెట్టి, అడివి తొవ్వల నడిసి వచ్చిండు. అప్పటికే అందరు స్నానాలు చేసి కూసున్నరు. అవ్వ ముంగట కూలబడి, "బాపు నన్ను అడిగిండానే?" అన్నడు.

"లేదు బిడ్డా. మాట పడిపోయె. ఎవ్వర్ని అడగలే."

తలకాడ ఉన్నది నేను. ఊపిరి ఆగేదాక, "పెద్దోడు వచ్చిండా?" అని ఒక్కటే అడిగిండు బాపు.

అన్న నా దిక్కు చూసిండు.

"అవునే, అడగలే" అని నేను చెప్పిన.