బావ బొటనవేలు

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయనకు గొప్పలు చెప్పుకోవడం తగని సరదా. ముప్ఫై ఏళ్లలో తన చేతి కింద ఒక్క గాటు పడలేదని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. గొంతు మీద కత్తి ఉండగా ఎవడు కాదంటాడు? నేనూ తలూపేవాణ్ణి.

సోమవారం సెలూన్‌కు సెలవు. ఆ రోజు తన అక్క ఇంటికి వెళ్లి బావకు కాలిగోళ్లు తీసేవాడు. బావకు పదిహేనేళ్లుగా షుగరు. గోళ్లు పసుపుపచ్చగా మారి, మందంగా పెంకులు కట్టాయి. ఈయన వాటిని నీళ్లలో నానబెట్టి, చిన్న కత్తెర మూలల్లోకి దూర్చి లోతుగా తీసేవాడు. బావ పేపరు చదువుకుంటూ కదిలేవాడు కాదు.

"నీ చేతిలో ఏముందోగానీ బామ్మర్దీ, అసలు తీస్తున్నట్టే ఉండదు," అనేవాడు. ఈయన ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు.

ఒక సోమవారం బొటనవేలి మూల తెగి రక్తం వచ్చింది. బావ పేపరులోంచి తలెత్తలేదు. నొప్పి లేదంటే చిన్నదేలే అనుకుని, ఈయన గుడ్డతో తుడిచేసి ఊరుకున్నాడు. తన గొప్ప కాస్తా పోతుందని భయం, అంతే. తర్వాత రెండు వారాలు సెలూన్‌కు రంగులు వేయిస్తూ అటు వెళ్లలేదు. ఈలోగా వేలు నల్లబడింది. వాసన వచ్చేదాకా ఎవరూ చూసుకోలేదు. ఆసుపత్రిలో వేలు తీసేశారు.

"ఈయనకి పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. దెబ్బ ఎలా తగిలింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏమోనండీ, చెప్పుల్లేకుండా తిరిగాను కదా, ఏ రాయో గుచ్చుకుని ఉంటుంది," అన్నాడు బావ, పాపం.

పక్కనే నిలబడ్డ ఈయనకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ నొప్పి తెలియనిది తన పనితనం వల్ల కాదు. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా మందుల చీటీ అందుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక అక్క తన మొగుణ్ణి రోజూ తిట్టిపోసేది. "చెప్పులేసుకోమంటే విన్నావా? చేజేతులా పోగొట్టుకున్నావు!" బావ తలొంచుకుని తప్పంతా తనదేనని ఒప్పుకునేవాడు. కట్టు మార్చడానికి రోజూ వెళ్లే ఈయనకు ఒక్కో తిట్టూ చెంపదెబ్బలా తగిలేది. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు.

నెల తర్వాత, కట్టు విప్పుతూ విప్పుతూ ఈయన ఆగిపోయాడు.

"అక్కా, రాయి కాదు. నేనే కోశాను. రక్తం చూసి కూడా చెప్పలేదు."

బావ తన కాలివైపు చూసుకున్నాడు. "పోనీలేరా, కావాలని చేశావా?" అన్నాడు.

అక్క మాత్రం తమ్ముడి చేతిలోని కట్టుగుడ్డ లాక్కుంది.

"చెయ్యి జారితే జారింది. నెల్రోజులుగా చెయ్యని తప్పుకి ఈ మనిషిని తిడుతూనే ఉన్నాను. పక్కనే కూర్చుని విన్నావు. ఒక్కసారైనా 'అక్కా, ఆపు' అనాలనిపించలేదురా నీకు?"