ఆయుధపూజ చేసిన కీబోర్డు

పలమనేరులో నెట్‌సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. నెట్‌లో పాడిరైతుల ఫోరంలో ఆవుల పొదుగువాపు గురించి నేను రాసింది చాలామంది మెచ్చుకున్నారు. అది కళ్లారా చూస్తేనే తిరుపతిలో కంప్యూటర్ కోర్సుకు పంపుతానన్నాడు నాయన.

ఆయుధపూజ మర్నాడు నాయననూ పెదనాయననూ నెట్‌సెంటర్‌కి తీసుకెళ్లాను. అడ్రసు కొడితే ‘పేజీ దొరకలేదు’ అని వచ్చింది. మళ్లీ కొట్టినా అంతే.

“యాడుండాదిమే నువ్వు రాసింది? తిరుపతీ వద్దు, ఏమీ వద్దు!” అన్నాడు పెదనాయన. నాయన లేచాడు.

“కూర్సో నాయనా! సూపిచ్చేదాకా నేను కదల్ను” అన్నాను.

అడ్రసును ఒక్కో అక్షరమే చూసుకుంటూ వచ్చాను. ఒక అక్షరం పడనేలేదు. ముందురోజు పూజలో కీబోర్డుకు పెట్టిన గంధం, కుంకుమ ఆ మీట కింద గడ్డకట్టాయి. కీబోర్డు బోర్లించి బాది, అడ్రసు మళ్లీ కొట్టాను. పేజీ వచ్చింది. అందులో నా పేరును పెదనాయన చేతే గట్టిగా చదివించాను.

ఇప్పటికీ ఎవరైనా ‘నీవల్ల కాదు’ అంటే తల దించను. ముందు వాళ్ల కీబోర్డు బోర్లించి చూస్తాను.