గోడ అవతలి గంట

కుడి భుజం పట్టేసిందని పోయిన నెల మా డాక్టరు క్లినిక్కులో చూపించుకుంటే, ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రబ్బరు పట్టీ తెచ్చి తలుపు గడియకు కట్టి లాగమంది. "లాగేటప్పుడు ఊపిరి పీల్చండి, వదిలేటప్పుడు వదలండి, తొందరేం లేదు" అంటూ పక్కన నిలబడి తనూ పీల్చి వదిలి చూపించింది. నా మనవరాలి ఈడు పిల్ల. నాలుగుసార్లు లాగానో లేదో, పట్టీ వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. నొప్పి పుట్టిందేమోనని ఆ పిల్ల కంగారుపడి నీళ్ళు తెచ్చింది. నొప్పి కాదన్నాను. మరేమిటో చెప్పడానికి నాకిచ్చిన అపాయింట్‌మెంట్ చాలదు. ఒక మనిషి చెయ్యి లాగితేనే ఇంకో మనిషికి ఊపిరి అందిన సాయంత్రం ఒకటి నా జీవితంలో ఉంది.

డెబ్బైల మొదట్లో నేను కొత్త కోడలిగా కాకినాడ నుంచి ఇంగ్లండులోని న్యూకాసిల్‌కి వచ్చాను. మా ఆయనా, మా బావగారూ ఒకే ఆసుపత్రిలో డాక్టర్లు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకదానికొకటి అతుక్కుని ఉండే ఇళ్ళ వరసలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నాకు ఆ ఊళ్ళో భయం వేయని వస్తువు లేదు. గ్యాస్ పొయ్యి భగ్గుమంటే భయం, మంచు పట్టిన మెట్లంటే భయం, ఫోను ఎత్తితే అవతలివాళ్ళు మాట్లాడే ఇంగ్లీషంటే భయం. వీటన్నిటికంటే పెద్ద భయం మొదటి రాత్రే పట్టుకుంది. మా పడగ్గది గోడ ఊపిరి పీలుస్తోంది. హుస్సుమని ఒక లాగు, ధప్పుమని ఒక వదులు, మళ్ళీ హుస్సు. మా ఆయన్ని లేపితే ఆయన నిద్రలోనే "పక్కింటావిడ మెషీనులే, పడుకో" అన్నారు. ఏం మెషీను, ఎందుకు ఊపిరి తీస్తోంది అని అడిగే ధైర్యం లేక దుప్పటి ముసుగేసుకుని తెల్లారేదాకా ఆ చప్పుడు వింటూ పడుకున్నాను.

మర్నాడు ఆ మెషీను సంగతి చెప్పింది మా తోడికోడలు. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. పక్కింటావిడకి పోలియో వచ్చి మెడ కింద నుంచి ఏదీ కదలదట. ఊపిరితిత్తులు కూడా వాటంతట అవి పని చేయవట. అందుకని పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా లాంటి దాంట్లో ఉంచారు, తల మాత్రం బయటికి ఉంటుంది, కరెంటుతో తిరిగే మోటారు ఆవిడ ఊపిరి లాగి వదులుతుంది. ఇదంతా అక్కయ్య రెండు మాటల్లో చెప్పేసి, తరవాత గంటసేపు తనని ఆవిడ ఎంత అవమానించిందో చెప్పింది. ఒకరోజు గద్వాల చీర కట్టుకుని పలకరించడానికి వెళ్ళిందట. ఆవిడకి తల తిప్పడం కుదరదు కాబట్టి తల మీద ఒక అద్దం బిగించారు, లోకమంతా ఆవిడకి అందులోంచే కనపడాలి. అక్కయ్య సరిగ్గా దానికి ఎదురుగా నిలబడి ఒక చుట్టు తిరిగి చూపిస్తే, "కాస్త పక్కకి జరుగు పెట్, నాకు కిటికీ కనపడట్లేదు" అందట. ఆ ఊళ్ళో పెట్ అంటే ముద్దుపిలుపే. కానీ అక్కయ్య ఆ తరవాత మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అక్కయ్య స్వభావం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కాలేజీ రోజుల్లో నాటకాల్లో పాత్ర ఏదైనా సరే ఆమే కథానాయిక. ఊళ్ళో నడిచి వెళ్తుంటే జనం ఆగి చూసేవారట. ఈ దేశం వచ్చాక చూసేవాళ్ళు లేరు. చూసినా చీరను చూసి జాలిపడేవాళ్ళే, ఇంత చలిలో ఇదేం బట్ట అని. బావగారికి ఎప్పుడూ డ్యూటీలే, ఇంట్లో ఉన్నప్పుడు నిద్రే. పిల్లలు లేరు. అందుకని ఆమెకు జబ్బులు వచ్చేవి. గుండె దడ, కళ్ళు తిరగడం, గొంతులో ఏదో అడ్డుపడటం. రెండుసార్లు అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది, రెండుసార్లూ ఏమీ లేదని మర్యాదగా ఇంటికి పంపారు. మన డాక్టర్ల కుటుంబాలు ఆదివారం ఎవరింట్లోనో కలిసేవి. అక్కడ ఇంకొకావిడ పాట అందుకుని రెండో చరణంలోకి వచ్చేసరికి అక్కయ్య సోఫాలో ఒరిగిపోయేది. అందరూ పాటావిడని వదిలేసి ఈమెకి గాలి విసిరేవారు. అది నటన అనడానికి నాకు నోరు రాదు. నిజంగానే చెమటలు పట్టేవి, నిజంగానే ఏడ్చేది. "ఏమే, నేను పోతే వీళ్ళెవరికైనా గుర్తుంటానంటావా?" అని నన్ను అడిగేది. నాకు ఆ ప్రశ్న కూడా భయమే.

ఆ చలికాలం సమ్మెల వల్ల దేశమంతా కరెంటు కోతలు పెట్టారు. ఏ పేటకి ఏ పూట పోతుందో పేపర్లో వేసేవారు. పక్కింటాయన బస్సు డ్రైవరు. కోత ఉన్న పూట ఆయనగానీ, ఆవిడ చెల్లెలుగానీ ఇంట్లో ఉండేవారు. కరెంటు పోగానే ఆ పీపాకు బిగించిన గంట మోగుతుంది, అది బ్యాటరీ మీద పని చేస్తుంది. వెంటనే ఎవరో ఒకరు మెషీనుకి ఆవిడ కాళ్ళ వైపు చివర ఉన్న ఇనుప పిడి పట్టుకుని చేత్తో లాగుతూ తోస్తూ ఊపిరి ఆడిస్తారు. మా గోడకి ఇవతల ఉన్న మాకు గంట వినపడేది, క్షణంలో ఆగేది, కాస్త మోటుగా హుస్సు, ధప్పు మొదలయ్యేవి. అవి మొదలయ్యేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

ఒకరోజు పేపర్లో చెప్పిన వేళ కంటే ముందే కరెంటు పోయింది. సాయంత్రమే కానీ ఆ ఊళ్ళో చలికాలం ఆ వేళకే చీకటి. వంటింట్లో నేను వంకాయలు తరుగుతున్నాను, అక్కయ్య స్టూలు మీద కూర్చుని గుండె దడ గురించి చెబుతోంది. దీపం ఆరగానే ఆమె అలవాటుగా కెవ్వుమంది. గోడ అవతల గంట మోగింది. ఆగుతుందని చూశాను. ఆగలేదు. హుస్సు లేదు, ధప్పు లేదు, గంట ఒక్కటే మోగుతోంది. ఇల్లంతా ఆ గంటే నిండిపోయింది.

"అక్కయ్యా, అవతల ఎవరూ లేరేమో" అన్నాను.

"ఉంటార్లే. లేకపోతే మనమేం చేస్తామే? నాకసలే దడగా ఉంది."

గంట ఇంకా మోగుతూనే ఉంది. చీకట్లో ఆమె లేచిన చప్పుడు వినపడింది. "అగ్గిపెట్టె తే" అంది.

ఆ రోజుల్లో వెనక తలుపులకి ఎవరూ తాళం వేసేవారు కాదు. పెరట్లో గడ్డకట్టిన మంచు మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని వెళ్ళి, ఆ తలుపు తోసి ముందు గదిలోకి వచ్చాం. నేను అగ్గిపుల్ల గీస్తే విరిగింది. ఇంకోటి గీశాను. ఆ వెలుగులో ఆవిడ మొహం కనపడింది. పెదవులు నల్లబడ్డాయి, కళ్ళు పెద్దవయ్యాయి. చేప నీళ్ళ బయట తెరిచినట్టు నోరు తెరుస్తూ మూస్తూ గాలి మింగుతోంది. అలా కాసేపు బతకగలదని మాకు తరవాత తెలిసింది. ఆ కాసేపట్లో ఎంత అయిపోయిందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆవిడ కళ్ళు మమ్మల్ని చూసి కాళ్ళ వైపు తిరిగాయి. మళ్ళీ మమ్మల్ని చూసి మళ్ళీ కాళ్ళ వైపు. పుల్ల నా వేళ్ళ దాకా కాలి ఆరిపోయింది. ఆ చీకట్లో ఇనుము కిర్రుమన్న చప్పుడు, దాని వెనకే హుస్సుమని గాలి కదిలిన చప్పుడు. పిడి అక్కయ్యకి దొరికింది.

కంగారులో ఆమె ఎడాపెడా లాగుతోంది. లాగుతూనే ఏడుస్తోంది. "అయ్యో దేవుడా, నా వల్ల కాదు, నా గుండె ఆగిపోతోంది, ఐ యామ్ డయింగ్" అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి. ఆవిడకి మాట రావాలంటే మెషీను ఊపిరి వదిలే వేళే రావాలి. ఒక్కో వదులుకి ఒక్కో ముక్క వచ్చింది. "నువ్వు కాదు... పోయేది నేను... పెట్. నోరు మూసి... మెల్లగా లాగు."

అక్కయ్య నోరు మూసింది. నేను కాపురానికి వచ్చాక ఒకరు చెప్పగానే ఆమె అలా నోరు మూయడం అదే మొదలు. లాగడం నిదానమైంది. గంట కట్టేసి కొవ్వొత్తి వెతికి వెలిగించాను. "పిల్లా, ఫోను చేసి రా" అంది అక్కయ్య, నా వైపు చూడకుండా. కళ్ళు ఆ అద్దంలో ఆవిడ మొహం మీదే ఉన్నాయి.

రెండిళ్ళలోనూ ఫోను లేదు, బూతు వీధి చివర. వీధి దీపాలు లేవు. మంచు మీద జారి పడ్డాను, లేచాను. ఆసుపత్రిలో ఫోను తీసే ఆపరేటరుకి నా ఇంగ్లీషు అర్థం కాదని ఎప్పుడూ భయపడేదాన్ని, ఆ రోజు అర్థమయ్యేదాకా అరిచాను. అంబులెన్సు వస్తుంది కానీ రోడ్ల మీద లైట్లు లేక ఆలస్యమవుతుందన్నారు. తిరిగొచ్చి వాళ్ళ వెనక తలుపు దగ్గర ఆగిపోయాను. లోపలికి వెళ్ళలేకపోయాను. వెళ్ళేసరికి చప్పుడు లేకపోతే? గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గి విన్నాను. మొదట ఏమీ వినపడలేదు. ఆ తరవాత వినపడింది, ఇనుము కిర్రు, హుస్సు, ధప్పు. నేను ఏడ్చింది అక్కడ.

నేనూ కొంతసేపు లాగాను. ఆ పిడి ఎంత బరువో పట్టుకుంటే తెలిసింది. బావి చేద కంటే బరువు, పైగా ఆపడానికి వీల్లేదు. నా భుజాలు సడలితే అక్కయ్య ఏమీ అనకుండా వచ్చి నా చేతుల మీదే చేతులు వేసి అందుకునేది. ముందు ఆవిడ చెల్లెలు రొప్పుతూ వచ్చింది. మందుల షాపుకని వెళ్తే అక్కడే కరెంటు పోయి, సిగ్నళ్ళు ఆగి, బస్సు కదలక, సగం ఊరు పరుగెత్తుకొచ్చింది పాపం. తరవాత అంబులెన్సు వాళ్ళు, ఆ వెనకే బావగారు. "ఇక వదిలెయ్, వాళ్ళు చూసుకుంటారు" అని బావగారు చెబుతున్నా అక్కయ్య వేళ్ళు పిడి మీద నుంచి రాలేదు. ఒక్కొక్క వేలే ఆయన విడదీశారు. అరిచేతుల్లో బొబ్బలు చితికి నెత్తురు కారుతోంది. అద్దంలోంచి ఆవిడ అక్కయ్యని చాలాసేపు చూసింది. ఈసారి పక్కకి జరగమనలేదు.

ఆ మరుసటి ఆదివారం డాక్టర్ల ఇళ్ళలో కలుసుకున్నప్పుడు అప్పటికే అందరికీ తెలిసిపోయింది. అక్కయ్యని మధ్యలో కూర్చోబెట్టారు. పాటావిడ కూడా ఆమె చేతులు పట్టుకుని, "అసలేమైందో మొదట్నుంచీ చెప్పండి" అంది. గదంతా ఆమె వైపే తిరిగింది. ఇన్నేళ్ళూ ఆమె కోరుకున్నది అదే. మొదలుపెట్టింది కూడా, చేతికట్లు అందరికీ కనపడేలా పెట్టి, గొంతు తగ్గించి, నాటకంలో లాగే. గంట మోగడం దాకా చెప్పి గోడ గడియారం చూసి ఆగింది.

"ఇవాళ మన ఏరియాకి ఎప్పుడు కట్?" అంది నన్ను.

"ఆరింటికి అక్కయ్యా. కానీ పక్కింటాయన ఇంట్లో ఉంటారుగా."

"ఆయన పొద్దుటి షిఫ్టు చేసొచ్చాడే. ఒక్కడూ ఎంతసేపు లాగుతాడు?" అని లేచి కోటు అందుకుంది. తరవాతేమైందని వెనక నుంచి ఎవరో అడిగారు. "బతికింది. ఉన్నారుగా మా ఆయన, చెబుతారు" అంటూ బయటికి నడిచింది. ఆ కట్టుకట్టిన చేతులతో ఆమె లాగలేదు, పక్కన కూర్చుని లయ తప్పకుండా ఆయనకి లెక్క చెప్పిందంతే. చేతులు మానాక వాళ్ళ వంతుల జాబితాలో తన పేరు కూడా వేయించుకుంది.

అంత మాత్రాన ఆమె ధీరురాలై పోయిందనుకోకూడదు. నేనూ కాలేదు. కోత ఉన్న ప్రతిపూటా ఆమె వంటింట్లో టీ పోసుకుని, తాగడం మరిచి గడియారం వంకే చూసేది. గుండె దడ అనడం మాత్రం మానేసిందని కొన్నాళ్ళకి గమనించి అడిగాను. "భయం ఎక్కడికీ పోలేదే. ఇదివరకు నాకేమవుతుందోనని ఉండేది. ఇప్పుడు ఆవిడకేమవుతుందోనని. దీంట్లో నేను లేను చూడు, అదే హాయిగా ఉంది." అని నవ్వి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

కోతలు ఆగిపోయినా ఆమె వెళ్ళడం ఆగలేదు. ఆవిడ తల దువ్వేది, అద్దం తుడిచేది, పేపరు చదివి పెట్టేది. ఇద్దరూ కొట్లాడుకునేవారు కూడా, ఆవిడ నోరు చిన్నది కాదు. కొన్నేళ్ళ తరవాత ఒక చలికాలం ఆవిడకి జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. మా గోడ నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికి చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. అక్కయ్య ఒక వారం ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. అది చూసి మా ఆయనా బావగారూ మళ్ళీ పాత జబ్బులు వస్తాయని భయపడ్డారు. రెండో వారం ఆమె బస్సెక్కి, కదల్లేని వాళ్ళని ఉంచే హోముకి వెళ్ళి, ఏదైనా పనుంటే చేస్తానని అడిగి వచ్చింది. మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడికే వెళ్ళింది. ఆమె పోయినప్పుడు ఆ హోము నుంచి చక్రాల కుర్చీల్లో ఎంతమంది వచ్చారంటే, వాటిని ఎక్కడ నిలపాలో తెలియక మా పిల్లలు కంగారుపడ్డారు.

ఇప్పుడు నా రోజులకి ఆనవాళ్ళే మిగలటం లేదు. నిన్న ఏం చేశానో చెప్పమంటే తడుముకోవాలి. కానీ గుమ్మం బయట చలిలో చెవి ఒగ్గి నిలబడ్డ ఆ కాసేపు మాత్రం అలాగే ఉంది. యాభై ఏళ్ళు ఇట్టే గడిచిపోయాయి కానీ, ఆ కాసేపు ఇంకా పూర్తిగా గడవలేదు.