బియ్యం డ్రమ్ములో సర్టిఫికెట్లు

మా అమ్మాయికి యూనివర్సిటీలో సీటు వచ్చిందని నాకు మొదట చెప్పింది, ఆ సీటు చేజారిన పిల్ల తల్లి.

ఆ ఉదయం అనకాపల్లి బస్సు కాంప్లెక్సులో ఒకే బల్ల మీద కూర్చున్నాం. వాళ్ళది చీడికాడ. మేమూ వాళ్ళూ స్పాట్ అడ్మిషన్‌కే వెళ్తున్నాం. పిల్లలిద్దరూ కోరుకున్న కోర్సులో లోకల్ కోటా సీటు ఒక్కటే మిగిలింది.

"ర్యాంకు మంచిదేనమ్మా, నా పోలిక రానేదు కదా!" అని నవ్వుతూ ఆమె కూతురి ర్యాంకు చెప్పింది. మా పిల్ల కంటే మెరుగు. "వాన కదాని స్టడీ సర్టిఫికెట్లు బియ్యం డ్రమ్ములో దాసేసి జెరాక్సులు తెచ్చేను. సాల్తాయంటారా? కావాలంటే మా మరిది బండి మీద తెచ్చేత్తాడు."

ఇక్కడే చదివినట్టు ఒరిజినల్స్ చూపకపోతే లోకల్ కింద తీసుకోరని నాకు తెలుసు. నేను నాన్నగారి దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నా కూతురైనా కాలేజీ గడప తొక్కాలని ఎన్ని శనివారాలు ఉపవాసమున్నానో!

"అక్కడ అడిగితే చెబుతారమ్మా," అన్నాను. అబద్ధమైతే ఆడలేదని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

మధ్యాహ్నం యూనివర్సిటీ అడ్మిషన్ హాల్లోంచి ఆమే ముందు బయటికొచ్చింది. "మీ పాపకొచ్చేసినాదమ్మా. మాది జెరాక్సులని పక్కనెట్టేసేరు." నా చేతులు రెండూ పట్టుకుని, "బాగా సదూకోమనండి," అంది.

స్వామికి కృతజ్ఞత చెప్పుకోవాలని చేతులు జోడిస్తే, ఇప్పటికీ ఆమె పట్టుకున్నట్టే ఉంటుంది. ఇది చదివినవారు దీపం పెట్టేటప్పుడు నా బిడ్డను కాదు, ఆ చీడికాడ పిల్లను ఒక్కసారి తలచుకోండి.